ముప్పై రాళ్ళని గుర్తుపట్టాను

వజ్రం తెల్లగా ఉంటుందనేవాళ్ళని చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను కాబట్టి ఆ మంటలో సగం నా మీదే. వజ్రంలో బొత్తిగా రంగు లేకపోతే దాన్ని డి అంటారు. అక్కణ్ణించి ఇ, ఎఫ్, జి అంటూ జెడ్ దాకా ఒక్కో అక్షరం దిగుతున్నకొద్దీ రాయిలో పసుపు ఎక్కుతూ వస్తుంది. డి కీ ఇ కీ మధ్య తేడా ఎంత సన్నమంటే, దారిన పోయే పదిమందికి రెండూ చూపిస్తే పదిమందీ ఒకటేనంటారు. ఒకటి కాదని చెప్పగలిగినవాళ్ళకి ఉద్యోగం ఇస్తారు. విజయనగరంలో గంటస్తంభానికి కొంచెం ఇవతల, ఒక బట్టల కొట్టు మీది అంతస్తులో, ఆరు నెలలు నేను నేర్చుకున్నది ఈ చదువే. నేర్చుకున్నాననే అనుకున్నాను.

మాది నౌపడ దగ్గర పల్లె. ఉప్పు మళ్ళకి ఇవతల మా ఇల్లు. నాన్న నాకు జ్ఞానం రాకముందే పోయాడు. అమ్మ మళ్ళలో ఉప్పు లాగే పనికి పోయేది. చలి తగ్గాక మొదలైతే తొలకరి పడేదాకా రోజూ అదే పని. తెల్లారకముందే వెళ్ళి, ఎండ నెత్తికెక్కేదాకా పొడుగాటి చెక్కపారతో ఉప్పుని గట్టు దగ్గరికి లాగి, బుట్టలకెత్తి కుప్పలు పోయడం. పన్నెండో ఏడు వచ్చాక బడి సెలవుల్లో నేనూ బుట్టలు మోశాను. అంతకు ముందు మళ్ళలోకి అడుగు పెట్టినట్టు నాకు గుర్తు లేదు.

ఎచ్చెర్లలో కెమిస్ట్రీలో పీజీ చేశాను. సోడియం క్లోరైడ్ గురించి పరీక్షలో నాలుగు పేజీలు రాసి, సెలవులకి ఇంటికొచ్చి దాన్నే నెత్తిన పెట్టుకు మోసేదాన్ని. ఆ పీజీ పట్టుకుని రెండేళ్ళు తిరిగితే ఎక్కడా పని దొరకలేదు. ఒకసారి సర్టిఫికెట్ కోసం యూనివర్సిటీకి వెళ్ళినప్పుడు నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. వజ్రాలు, ముత్యాలు, గ్రేడింగ్, గుర్తింపు, ఆరు నెలల శిక్షణ, బాగా వచ్చినవాళ్ళకి విశాఖపట్నంలో రాళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం. కాగితం పీకి సంచిలో పెట్టుకున్నాను. ఇంకెవరూ చూడకూడదని అలా చేశానని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

అమ్మకి చెబితే పెద్దగా నవ్వింది.

"రాళ్ళు సూడ్డానికి కూడా సదువుంటాదేటే?"

"ఉంటుందమ్మా. రాయి అసలుదా కాదా, మంచిదా చెడ్డదా చూసి చెప్పాలి. ఏసీ గదిలో కూర్చుని."

"నీడలో కూకునే పనైతే సాలు," అంది అమ్మ.

నీడ గురించి అమ్మ ఊరికే అనలేదు. అప్పటికే ఆవిడ కళ్ళు బాగా పాడయ్యాయి. పొద్దున పదయ్యేసరికి నీళ్ళు కారడం మొదలయ్యేది, మధ్యాహ్నం ఇంటికొచ్చాక తలుపు మూసి చీకట్లో పడుకునేది. నేను మనసులో అనుకున్నది ఒక్కటే. నాకు ఉద్యోగం వస్తుంది, విశాఖలో ఒక గది తీసుకుంటాను, అమ్మ ఇక ఉప్పు మొహం చూడదు. మిగతావన్నీ తర్వాత. పెళ్ళి సంబంధాలు తెచ్చిన చుట్టాలకి కూడా ఆ ఆరు నెలలు ఆగమనే చెప్పాను.

ఇక్కడ మా ఊరి మాట ఒకటి చెప్పాలి. మా వైపు ఎవరి కళ్ళు మండినా, మసకలేసినా, చిలకపచ్చ చీరని ఇంకో రంగనుకున్నా, "కళ్ళకి ఉప్పు పట్టాది" అంటారు. అంటే రోగమని కాదు. ఒంటికి చెమట పట్టినట్టు కంటికి ఉప్పు పడుతుంది, అంతే. కుండలో నీళ్ళు కొట్టుకుని తడిగుడ్డ కట్టుకుంటే పోతుంది. పోకపోయినా పోయిందనే అనుకుంటారు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడమంటే చూపు పూర్తిగా పోయిన ముసలివాళ్ళ పని. నేను కూడా, కెమిస్ట్రీ అంతా చదివి కూడా, నా కళ్ళ గురించి ఆ మాటతోనే సరిపెట్టుకున్నాను.

క్లాసులో తొమ్మిదిమందిమి. మా సారు ముంబైలో ఇరవై ఏళ్ళు రాళ్ళు చూసి, విజయనగరం సొంతూరు కాబట్టి వెనక్కి వచ్చినాయన. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చేతులు కడుక్కుంటూ ఉండేవారు. నా పక్క కుర్చీ నరసన్నపేట అమ్మాయిది. వాళ్ళకి బంగారం కొట్టుంది. వాళ్ళ నాన్న కూతుర్ని కొట్లో కూర్చోబెట్టడానికి ఈ చదువుకి పంపాడు. ఆ పిల్లకి ఉద్యోగం అక్కర్లేదు. అక్కర్లేనివాళ్ళకే అన్నీ కనపడతాయి. ఇది ఏడుపుగొట్టుతనమే, కాదనను.

మొదటి నెల ముత్యాలు. ముత్యాన్ని ముందు పంటి అంచుకి రాసి చూడమన్నారు సారు. అసలుదైతే సన్నటి ఇసకలా గరగరమంటుంది, నకిలీదైతే గాజులా జారిపోతుంది. తొమ్మిదిమందిమీ పళ్ళికిలించుకుని ముత్యాలు రాసుకుంటూంటే కిందనుంచి కాఫీ తెచ్చినాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. నాకు ఆ గరుకు మొదటిసారికే తెలిసింది. ఉప్పు రవ్వ పంటికింద పడి నలిగితే ఎంత నలిగిందో చెప్పగలిగే ఊరు మాది. తర్వాత కుట్టిన కన్నాన్ని లూప్‌తో చూడడం నేర్పారు. లూప్ అంటే కంటికి ఆనించుకునే చిన్న భూతద్దం, పదింతలు పెద్దగా చూపిస్తుంది. కన్నం అంచున పూత పెచ్చులూడితే నకిలీది. లోపల పూసకీ పైపొరకీ మధ్య గీత కనపడితే అది పెంచిన ముత్యం. నేను ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. "నీ చెయ్యి బాగుందమ్మా," అన్నారు సారు. నా జీవితంలో నా చెయ్యి బాగుందని అప్పటిదాకా ఎవరూ అనలేదు, మేస్త్రీ తప్ప, అదీ బుట్ట నిండా ఎత్తినప్పుడు.

రెండో నెల వజ్రాల లోపల ఉండే మచ్చలు. వీటిని చూడడాన్ని క్లారిటీ అంటారు. రాయిని సన్నటి పట్టకారుతో పట్టుకుని లూప్ కింద తిప్పుతూంటే లోపల చుక్కలు, సన్నటి పగుళ్ళు, పొగలాంటి మబ్బులు ఒక్కొక్కటే బయటపడతాయి. పగుళ్ళని మేం ఈకలనేవాళ్ళం, అలాగే ఉంటాయి. దీంట్లో కూడా నేనే ముందు. సారు రాసిచ్చిన బొమ్మలో లేని చుక్క ఒకటి నేను చూపిస్తే, ఆయన పావుగంట చూసి, నిజమేనని బొమ్మ దిద్దుకున్నారు. ఆ రోజు హాస్టల్‌కి నడిచి వెళ్తూంటే దారంతా నాలో నేనే నవ్వుకున్నాను.

మూడో నెల రంగు.

తెల్లటి మడత అట్టలో అయిదు రాళ్ళు బోర్లా వరసగా పెట్టారు సారు. వాటిని మాస్టర్ రాళ్ళంటారు. ఎడమనుంచి కుడికి ఒక్కో మెట్టు పసుపు పెరుగుతుంది. మన దగ్గరికొచ్చిన రాయిని వాటి పక్కన పెట్టి, ఏ రెండింటి మధ్య సరిపోతుందో చెప్పాలి. "కనపడుతోందా పసుపు ఎక్కడం?" అన్నారు. అందరూ ఆఁ అన్నారు. నరసన్నపేట అమ్మాయి, "చివరిది మరీ అన్యాయమండీ, పసుపునీళ్ళలో ముంచినట్టుంది," అంది. నేనూ ఆఁ అన్నాను.

నాకు కనపడింది అయిదు తెల్ల రాళ్ళు.

కంగారేమీ పడలేదు. బాత్‌రూమ్‌కి వెళ్ళి కళ్ళలో నీళ్ళు కొట్టుకుని వచ్చాను. ఉప్పు పట్టి ఉంటుంది, కిందటి ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మతోపాటు రెండు పూటలు పని చేశాను కదా, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందనుకున్నాను. నాలుగు రోజులు పోయాక నలభై రోజులైనా సర్దుకుంటుందనే అనుకున్నాను.

క్లాసులో ప్రాక్టీసుకి ముప్పై రాళ్ళుండేవి. ఒక్కొక్కటీ ఒక్కో కాగితం పొట్లంలో. పొట్లం మీది నంబర్లని సారు రోజూ మార్చేసేవారు, మేం బట్టీ పట్టకుండా. రంగు రాసి ఇచ్చాక ఆయన సరైన జవాబులు చదివేవారు. మొదటి వారం నాకు ముప్పైకి ఆరొచ్చాయి, అవీ గుడ్డిగా కొట్టినవి. రెండో వారం నేనొక సంగతి కనిపెట్టాను. నంబర్లు మారితే మారనీ, రాళ్ళు అవే కదా. అంచున ఈక ఉన్నది జి. మూడు చుక్కలు వరసగా ఉన్నది కె. మధ్యలో మబ్బున్నది ఐ. అడుగుమొన కొద్దిగా విరిగినది ఎఫ్. రోజుకి నాలుగైదు చొప్పున ముప్పై రాళ్ళ లోపలి మచ్చలూ మనసులో పెట్టుకున్నాను. ఆ తర్వాత ఏ పొట్లం విప్పినా, రాయి మీద దుమ్ముందేమో చూస్తున్నట్టు ముందు లూప్ పెట్టి చూసేదాన్ని, రాయి మొహం పోల్చుకునేదాన్ని, అట్ట దగ్గర కాసేపు కళ్ళు చికిలించి ఆలోచిస్తున్నట్టు కూర్చుని జవాబు రాసేదాన్ని. నెల తిరిగేసరికి ముప్పైకి ముప్పై.

ఇది దొంగతనమని నాకు తోచలేదంటే ఎవరైనా నమ్ముతారో లేదో తెలీదు. ఆ నోటీసు కాగితం మీద గుర్తింపు అని రాసుంది. సారు నోట కూడా ఎప్పుడూ అదే మాట, "రాయిని గుర్తుపట్టాలమ్మా." మా ఊళ్ళో గుర్తుపట్టడమంటే ఒకసారి చూసినదాన్ని మళ్ళీ చూసి ఇదేనని చెప్పడం. బుట్టలన్నీ ఒక్కచోట పడేసి ఉన్నా, అంచు వంకర చూసి ఇది మా పెద్దమ్మది, ఇది నాది అని ఆడవాళ్ళు లాక్కుంటారు. గట్టు మీద దూరంగా నీడలా పోయే మనిషిని నడకని బట్టి ఫలానా అని చెబుతారు. రాళ్ళ చదువు కూడా అలాంటిదేననుకున్నాను. ఇవాళ ముప్పై, రేపు ల్యాబ్‌లో మూడు వేలు, వచ్చిన రాయినల్లా మర్చిపోకుండా పెట్టుకున్నవాళ్ళే పెద్ద నిపుణులన్నమాట. నా జ్ఞాపకశక్తి మంచిది, ఇక భయమేముంది? ఎప్పుడూ చూడని రాయి వస్తే ఏం చేస్తావని నన్ను నేను ఒక్కసారైనా అడగలేదా అంటే, అడిగే ఉంటాను. నచ్చని ప్రశ్నకి వీపు తిప్పి కూర్చోవడం నాకు బాగా వచ్చు.

సారు మురిసిపోయారు. "రంగు దగ్గర నేనే తడబడతాను, ఈ అమ్మాయి తడబడదు," అని అందరి ముందూ అన్నారు. నరసన్నపేట అమ్మాయి మాత్రం ఎప్పుడూ ఒక మెట్టు అటో ఇటో తప్పేది. జి ని హెచ్ అనేది, ఐ ని జె అనేది. ఆ తప్పులు కళ్ళున్నవాళ్ళు చేసే తప్పులని అప్పుడు నాకు తెలీదు. "ఒసే, నీ కళ్ళకి దిష్టి తగలకుండా చూసుకోవే," అనేది. నేను నవ్వి ఊరుకునేదాన్ని. నిజం చెప్పొద్దూ, గర్వంగానే ఉండేది.

అమ్మ మళ్ళలో అందరికీ చెప్పేసింది. తర్వాతి ఆదివారం వెళ్తే ఆడవాళ్ళంతా మూగారు. "ఏటే, నువ్వు సూస్తే వజ్రం ఇలవ తెలిసిపోతాదట కదా," అని ఒకావిడ తన ముక్కుపుడక తీసి చేతిలో పెట్టింది. లూప్‌తో చూశాను. గాజు. బాగుంది పిన్నీ అని తిరిగిచ్చేశాను. అమ్మ పక్కనే నిలబడి, కారుతున్న కళ్ళు కొంగుతో తుడుచుకుంటూ నావైపే చూస్తోంది. ఇంకొక్క మూడు నెలలు అనుకున్నాను.

ఆఖరి పరీక్షకి విశాఖనుంచి ల్యాబ్ మేడమ్ వచ్చారు. ఈ పరీక్షలో నెగ్గితే ఉద్యోగం అక్కడికక్కడే ఇస్తారని సారు చెప్పారు. నా పేరు ముందే చెప్పి ఉంచానని కూడా అన్నారు. పొద్దున ముత్యాల్లో అసలుదీ నకిలీదీ చెప్పడం, తర్వాత క్లారిటీ. రెండూ సులువుగా అయిపోయాయి. మేడమ్ నా కాగితం చూసి సారు వైపు తలూపారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక రంగు. ఆవిడ తన బ్యాగులోంచి పన్నెండు పొట్లాలు తీశారు. తెల్లటివి, కొత్తవి.

మొదటి పొట్లం విప్పి అలవాటుగా లూప్ ఎత్తాను. లోపల నాకు తెలిసినది ఏదీ లేదు. ఇదివరకు ఎప్పుడూ చూడని రెండు చుక్కలు.

"రంగుకి లూప్ ఎందుకమ్మా?" అన్నారు మేడమ్. "పక్కన పెట్టు. మామూలు కంటితో చూడు."

పెట్టేశాను. చూశాను. పన్నెండు పొట్లాలూ ఒకదాని తర్వాత ఒకటి విప్పి, మాస్టర్ రాళ్ళ పక్కన పెట్టి, వంగి, కళ్ళు మూసి తెరిచి, అట్టని కిటికీ వైపు జరిపి చూశాను. అన్నీ తెలుపే. మాస్టర్లూ తెలుపే. చివరికి జి, హెచ్, జి, హెచ్ అంటూ వరసగా రాసి ఇచ్చేశాను. మేడమ్ ఆ కాగితం చూసి సారుకి అందించారు. పక్కన కూర్చున్న నరసన్నపేట అమ్మాయి నా ముందున్న పన్నెండో రాయిని చూసి నన్ను మోచేత్తో పొడిచింది.

"దీన్ని హెచ్ అని రాశావేటే? పసుపుకొమ్ములా ఉన్నాది కదే!"

నేను మళ్ళీ ఆ రాయి వైపు చూశాను. అది నాకు మిగతావాటిలాగే ఉంది.

మేడమ్ వెళ్ళిపోయాక సారు నన్నొక్కదాన్నే ఉండమన్నారు. అయిదు మాస్టర్ రాళ్ళని అరచేతిలో గిలకరించి అట్టలో పోశారు. లూప్ లేకుండా వరసలో పెట్టమన్నారు. పెట్టాను. ఆయన వాటిని చూసి, మళ్ళీ కలిపి, మళ్ళీ పెట్టమన్నారు. రెండోసారి ఇంకోలా పెట్టి ఉంటాను. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

"మరి ఇన్నాళ్ళూ ఎలా చెప్పావమ్మా?"

"గుర్తుపట్టానండి."

"దేన్ని? రంగునా?"

"రాయినండి. ముప్పై రాళ్ళూ నాకు తెలుసండి. లోపలి మచ్చల్ని బట్టి."

ఆయనకి నవ్వొచ్చింది. నిజంగానే నవ్వారు, భుజాలు కదిలేటట్టు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయి రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. "ముప్పైనీ గుర్తు పెట్టుకున్నావా? నేను కూడా పెట్టుకోలేదే," అన్నారు చేతుల వెనకనుంచి. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అని ఉండేదాన్ని, కొంచెం తేలికయ్యేది. క్లారిటీ ఒక్కటే చూసే పని ఎక్కడైనా ఉంటుందాండీ అని అడిగాను. లేదన్నారు. ముత్యాలో అంటే, ముత్యాలకి కూడా రంగు చెప్పాలి కదమ్మా, తెల్లటిదా మీగడ రంగా, దాని మీద గులాబీ ఛాయా పచ్చ ఛాయా అని, అన్నారు. తర్వాత ఒక కళ్ళ డాక్టరు చిరునామా రాసిచ్చి, రేపే వెళ్ళమన్నారు.

డాక్టరమ్మ నాకు రంగు బిళ్ళలు కొన్ని ఇచ్చి వరసలో పేర్చమంది. పేర్చాను. కళ్ళలో చుక్కలు వేసి గంట కూర్చోబెట్టి, లైటు పెట్టి చాలాసేపు చూసింది. కంటి వెనక తెర దెబ్బతిందని చెప్పింది. పసుపుకీ నీలానికీ ఉన్న సన్నటి తేడాలు పట్టే శక్తి పోయిందట. ఆపరేషన్ లేదు, మందు లేదు. ఉన్నది కాపాడుకోవడానికి నల్లకళ్ళజోడు పెట్టుకోమంది.

"ఎక్కడ పని చేసేదానివి?"

"ఉప్పు మళ్ళలోనండి. పన్నెండేళ్ళప్పటినుంచి, సెలవుల్లో."

"ఇది పన్నెండేళ్ళ తర్వాత వచ్చినదానిలా లేదు. సెలవుల పనికి ఇంత కాదు," అంది ఆవిడ. "బాగా పసితనంలో, రోజుల తరబడి మెరుపు చూసిన కన్ను ఇది. పసిపిల్లల కంటికి అడ్డు తక్కువ. వెలుగు నేరుగా వెనక్కి పోతుంది. చిన్నప్పుడు ఎక్కడ ఉండేదానివి?"

"ఇంటి దగ్గరేనండి," అన్నాను. నాకు తెలిసింది అంతే.

"సరే, ఎక్కడైతేనేం. ఇక ఉప్పు దగ్గరికి పోకు. పోతే మిగిలినదీ పోతుంది."

బయటికొచ్చేసరికి కళ్ళలో వేసిన మందుకి ఎండంతా తెల్లగా పేలిపోతోంది. ఆటోస్టాండు దాకా గోడ పట్టుకుని నడిచాను. మధ్యాహ్నం బండికి నౌపడ బయల్దేరాను. బండిలో కూర్చుని ఎవరి మీద కోపం తెచ్చుకోవాలా అని ఆలోచించాను. సారు మీద రాలేదు. నరసన్నపేట అమ్మాయి మీద తెచ్చుకోబోతే అదీ నిలవలేదు. ముందురోజు సాయంత్రం ఆమె హాస్టల్ దాకా వచ్చి నా పెట్టె సర్దిపెట్టి, గుమ్మంలో నిలబడి ఏడ్చి వెళ్ళింది. అమ్మకి ఏం చెప్పాలో ఎంత ఆలోచించినా తేలలేదు.

ఇంటికెళ్ళేసరికి అమ్మ పని నుంచి వచ్చి, తలుపు దగ్గరగా వేసుకుని, చీకట్లో గోడకి జారబడి కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి చోడి అంబలి గిన్నెలో పోసి, ఉల్లిపాయ కోసి ఇచ్చింది.

"ఏటే, ఈయేళప్పుడొచ్చినావు? ఉజ్జోగం ఇచ్చినారా?"

"లేదమ్మా. రాలేదు."

"ఏటి, ఎందుకు రాలేదు? అన్నిట్లోనూ నువ్వే ముందన్నావు కదా?"

"రంగు కనపడలేదమ్మా."

"ఉప్పు పట్టుంటాది. నీళ్ళు కొట్టుకోలేకపోయినావా?"

"డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. కంటి లోపల పాడైపోయిందట. ఇక బాగుపడదంది." అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ఆపలేదు. "పసితనంలో ఎప్పుడో ఎండ మెరుపు తగిలి ఉంటుందంది."

అమ్మకి పౌరుషం వచ్చింది. అంత పౌరుషంగా ఆవిడ మాట్లాడడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎండా? నిన్ను ఎండలో ఎప్పుడుంచినానే నేను? మీ నాన్న పోయినప్పుడు నీకు నిండా ఏడో నెల. నిన్నెవులికాడ వదిలీది? మడికి ఎత్తుకెల్లిపోయీదాన్ని. గట్టు మీద తాటాకులతో పందిరేసి, దాని మీద తడిగుడ్డ కప్పి, దాని కింద కూకోబెట్టీదాన్ని. నీకు మూడేళ్ళు నిండీదాకా అలాగే. ఒక్క పొద్దయినా ఎండ నీ ఒంటి మీద పడనిచ్చినానేటి? అడుగు ఎవుల్నైనా."

అంబలి గిన్నె నా చేతిలో ఉంది.

"నువ్వు ఊరికే ఏడిసీదానివి," అంది అమ్మ. అప్పటికి గొంతు చల్లబడింది, నవ్వు కూడా వస్తోంది. "పాలిచ్చినా ఊరుకునీదానివి కాదు. ఒకనాడు ఉప్పుకేసి తిప్పి కూకోబెట్టినాను. అంతే. ఆ మెరుపు సూసుకుంటా ఊఁ అంటే ఊఁ అన్లేదు. కళ్ళార్పకుండా సూసీదానివి. మరి రోజూ అలాగే తిప్పి కూకోబెట్టీసి నా పని నేను సేసుకునీదాన్ని. అందరూ ఏటనీవోరు తెలుసా? ఇంత బుద్దిమంతురాలు గుంటని ఎక్కడా సూడనేదు అనీవోరు."

చెయ్యి చాపి నా గడ్డం పట్టుకుని తలుపు సందులోంచి వచ్చే వెలుగు వైపు తిప్పి, నా కళ్ళలోకి చూసింది. ఆవిడ కళ్ళు ఎర్రగా, నీళ్ళు నిండి ఉన్నాయి. నన్ను ఎంత చూడగలిగిందో తెలీదు.

"బాగానే ఉన్నాయి. అలాగ సూసిన కళ్ళు పాడైపోడమేటి? ఆ డాక్టరుకి తెలీదు."

"తెలీదమ్మా," అన్నాను. "ఆవిడకి తెలీదు."

మిగిలిన అంబలి తాగేశాను. బండిలో వెతుకుతూ వచ్చిన కోపానికి చోటు దొరికింది, ఆ చోట కోపం నిలవలేదు. ఆ తర్వాత ఎన్నో రోజులు ఆవిడతో ఒంటరిగా కూర్చోవాలంటే భయం వేసేది, నోరు జారి ఎక్కడ చెప్పేస్తానో అని. ఇప్పటిదాకా చెప్పలేదు.

అమ్మ గిన్నె తీసుకుని కడగడానికి లేచింది. గుమ్మం దగ్గర ఆగింది.

"మరి రేపేటి సేస్తావు? మడికి మనుసులు సాల్లేదని మేస్త్రీ గోల పెడతన్నాడు. నాతో వొస్తావేటి?"

వస్తానన్నాను.